పదకొండో అంశం

మా సంఘంలో ఆదివారం ఆరాధన క్రమం రాసేది నేనే. ఏ పాటకు ఎన్ని నిమిషాలో, కానుకలు ఎప్పుడు పట్టాలో అన్నీ కాగితం మీద ఉంటాయి. ప్రసంగం సాగిందంటే వెనక బాల్కనీ కింద నిలబడి పాస్టరుగారికి గడియారం చూపిస్తాను. నన్ను చాటుగా హెడ్మాస్టరమ్మ అంటారు. అననీ.

శనివారం సాయంత్రం పాటల సాధన మధ్యలో వడ్రంగి బాబాయి వచ్చాడు.

"అమ్మా, బాల్కనీ దూలం చీలింది. రేపు పైకి ఎవరినీ ఎక్కించొద్దని చెప్పాలి."

"ప్రకటనల్లో చెప్పేద్దాం బాబాయ్," అంటూ పదకొండో అంశంగా రాసుకున్నాను. నా చెవులు శ్రుతి తప్పుతున్నవాళ్ల మీదే ఉన్నాయి. నలభైమంది క్వయర్ ఆ బాల్కనీలో నిలబడేది మూడో అంశానికేనని నా బుర్రకు తట్టలేదు.

మర్నాడు మూడో అంశంగా వచ్చిన పాటకు వాళ్లు చప్పట్లు అందుకోగానే నా కాగితం మీద సన్నటి దుమ్ము రాలింది. ఊదేశాను. మళ్లీ రాలింది. తలెత్తి చూస్తే దూలంలో చీలిక నా వేలు పట్టేంత ఉంది.

కేక పెడితే అందరూ బాల్కనీ ఇరుకు మెట్ల మీద పడిపోతారు. గబగబా ముందుకెళ్లి మైకు అందుకున్నాను.

"చప్పట్లు ఆపి మెల్లగా పాడదాం. బాల్కనీ కింద కూర్చున్నవాళ్లు ముందుకు రండి. క్వయర్ వాళ్లు ఒక్కొక్కరే ప్రార్థనకు దిగి రండి."

పాస్టరుగారు తెల్లబోయి చూశారు. కాగితంలో లేని మాట నా నోట ఆయన ఎన్నడూ వినలేదు.

సంగీతం ఆగితే జనం బెదిరిపోతారు. అందుకే పైన కీబోర్డు వాయిస్తున్న అమ్మాయికి కానియ్యమని సైగ చేశాను. ఆ అమ్మాయి నా కూతురు. ముప్ఫై తొమ్మిదిమంది దిగేదాకా నా బిడ్డను నేనే పైన ఉంచాను.

ఆఖరి మనిషి దిగాడు. "ఇక వచ్చెయ్" అని చెయ్యి ఊపాను.

అది నవ్వి ఒక వేలు చూపించింది. ఇంకో చరణం ఉందట.

కింద ఖాళీ బెంచీల మీద దుమ్ము ధారగా రాలుతోంది. పాట సగంలో వదలకూడదని చిన్నప్పటినుంచీ దానికి నూరిపోసింది నేనే.

"చాలమ్మా, ఆపేసి రా!" అని మైకులో అరిచాను.

ఆ మాట నేననడం అదే మొదటిసారి. అది నమ్మలేదు. వాయిస్తూనే ఉంది.