స్క్రూ ఉన్న డ్రైవ్

బల్ల మీద రెండు ఫ్లాపీ డ్రైవులు పక్కపక్కన ఉన్నాయి. ఒకటి తెల్లది, ఒకటి నల్లది. సాయంత్రంలోగా ఏదో ఒకటి తేల్చి చెప్పమంది డాక్టరమ్మ. కొత్తగా రాబోయే కంప్యూటర్లన్నిట్లోనూ ఇక అదే ఉంటుంది. నాకు మాత్రం తేల్చడానికి ఏమీ కనపడలేదు. తెల్లది చప్పుడు చేయదు, గబగబా చదువుతుంది, దుమ్ము దూరకుండా నాలుగు వైపులా మూసేసి ఉంటుంది. నల్లది గొంతు పట్టేసిన మనిషిలా గరగరలాడుతుంది. పొద్దున్నే మనసులో తెల్లదానికి ఓటేసేశాను, నల్లది గోల చేస్తుందని డాక్టరమ్మతో అన్నాను కూడా.

మాది కృత్రిమ కాళ్ళు చేసే చోటు. పాదమూ, గొట్టమూ ఎవరికైనా ఒకటే. మిగిలిన కాలు దూర్చుకునే గిన్నె మాత్రం ఒకరిది ఇంకొకరికి పనికిరాదు. దాన్ని సాకెట్ అంటాం. కాలి కొలతలు కంప్యూటర్‌కి ఎక్కించి, ఆకారాన్ని తెర మీద దిద్దితే, పక్క గదిలోని యంత్రం అచ్చు చెక్కి ఇస్తుంది. మా పాత కంప్యూటర్‌కి తన పొట్టలో ఏదీ దాచుకునే చోటు లేదు, అందుకని ఒక్కో మనిషికి ఒక్కో ఫ్లాపీ. గోడవారన బీరువా నిండా అవే.

ఆ ఫ్లాపీలన్నీ రాసింది మా మామయ్య, మా అమ్మ తమ్ముడు. ఇక్కడ అందరికీ ఆయన పెద్ద మేస్త్రి. పోయిన వానాకాలంలో జ్వరమొచ్చి పోయాడు. చేతుల నిండా ప్లాస్టర్ పిండితోనే వచ్చి కీబోర్డు ముందు కూర్చునేవాడు. నేను ఒంటికాలి మీద లేచేదాన్ని.

"కంప్యూటర్‌కి కూడా పౌడర్ రాయాలా మామయ్యా?"

"రాస్తే కాస్త కళగా ఉంటుందిలేవే," అనేవాడు.

ఆ పిండి డ్రైవ్‌లోకి పోయేది. ఏదైనా ఫ్లాపీ చదవకపోతే ఎవరైనా ముందు లోపల తుడుస్తారు. ఆయన తుడిచేవాడు కాదు. మూత తీసి, అడుగునున్న చిన్న స్క్రూని రవ్వంత అటో ఇటో తిప్పి, చెవి ఆనించి వినేవాడు. చదివేదాకా తిప్పేవాడు. అలా తిప్పకూడదని ఎన్నిసార్లు చెప్పానో. "కాలికి తగ్గట్టు సాకెట్‌ని దిద్దుతాం గానీ, సాకెట్‌కి తగ్గట్టు కాలుని చెక్కుతామా? ఇదీ అంతే," అనేవాడు. పనిమంతుడు గనక ఇంకెవరూ నోరెత్తేవారు కాదు. నేను ఎత్తితే పెడచెవిన పెట్టేవాడు.

ఆయనది ఇంకో మొండిపట్టు కూడా ఉంది. నడక నేర్చుకునే కమ్మీల పక్కన, గది మూలలో, చంకకర్రల గుట్ట. వచ్చినవాళ్ళు మర్చిపోయి వెళ్ళినవి. వెనక పరిగెత్తి ఇచ్చి రావడమూ లేదు, పారేయనివ్వడమూ లేదు. బూజు పట్టి, ఊడ్చేటప్పుడల్లా ఒకటి జారి నెత్తిన పడుతుంది. కొత్త కంప్యూటర్లొచ్చే రోజుకి ఆ మూల ఖాళీ చేయించాలని అనుకుంటున్నాను.

డ్రైవులు తెచ్చినాయన ముందురోజే వచ్చాడు. ఎంత ఉక్కపోసినా టై విప్పడు గనక ఆయన మాకు టై ఆయన. ఖాళీగా కూర్చోలేని మనిషి. మేం టీ తాగి వచ్చేలోపు మా పాత డ్రైవ్ విప్పి, సరిచూసే ఫ్లాపీ వేసి, మొత్తం సర్దేశాడు.

"మేడమ్, మీ డ్రైవ్ బాగా పక్కకెళ్ళిపోయింది. ఫ్లాపీని చదివే హెడ్‌ని ఉండాల్సిన చోట పెట్టాను. స్క్రూ మళ్ళీ కదలకుండా జిగురు కూడా పోశాను. మీరేం ఇవ్వక్కర్లేదు."

"ఇన్నాళ్ళకి ఒక తెలిసినాయన దొరికాడు," అన్నాను. మనస్ఫూర్తిగానే అన్నాను.

ఇక ఆ రోజు సంగతి. పదింటికల్లా లెక్కల టీచరు గారు వచ్చారు. చంకకర్రల మీద, భుజానికి ఒక గోనెసంచి తగిలించుకుని. సంచిలో ఆవిడ కాలు ముక్కలుగా ఉంది. బస్సు దిగుతుంటే కాలు జారి ఊడి రోడ్డు మీద పడిందట. వెనకాల వస్తున్న లారీ దాని మీంచి పోయింది.

"మొదటిసారి అసలు కాలే పోయింది. ఈసారి నయం," అన్నారావిడ కుర్చీలో కూలబడుతూ. "పెద్ద మేస్త్రి లేరని విన్నానమ్మా. నమ్మబుద్ధి కాలేదు. ఆయన చేసిందే మళ్ళీ చెక్కేస్తారుగా? ఫ్లాపీ ఉందిగా?"

"ఉంది టీచర్ గారూ. మధ్యాహ్నానికి అచ్చు చేతిలో పెడతాను."

డాక్టరమ్మ వచ్చి ఆవిడ మిగిలిన కాలికున్న కట్టు విప్పి చూసింది. కాలిన మచ్చలు, పల్చటి చర్మం, కింద ఎముక అంచు. వేరే చోట చేయించిన సాకెట్లు రెండుసార్లు పుండు చేస్తే, ఆఖరికి మా మామయ్య దగ్గరికి వచ్చిన కాలు అది. ఏడాది పాటు దిద్దాడు దాన్ని. కొలతలు కొత్తగా ఎవరైనా తీయగలరు. కొలత చెప్పేది ఆకారాన్నే, నొప్పిని కాదు. ఎక్కడ వదులివ్వాలో, ఎక్కడ పట్టాలో అన్నీ ఆ ఫ్లాపీలోనే ఉన్నాయి.

నన్ను పక్కకి పిలిచి, "జాగ్రత్త," అంది డాక్టరమ్మ. "ఇంకోసారి పుండు పడితే మోకాలు కూడా దక్కదు. పైనుంచి తీసేయాల్సొస్తుంది."

ఫ్లాపీ తెచ్చి పాత డ్రైవ్‌లో పెట్టాను. కటకటమని కొట్టుకుంది. చదవలేనంది తెర. తీసి మళ్ళీ పెట్టాను. మళ్ళీ అదే. ఇలాంటప్పటికే అని దాచిన రెండో కాపీ పెట్టాను. అదీ అంతే. తెల్ల డ్రైవ్ తగిలించి చూశాను. అది కటకటమనను కూడా అనలేదు, మర్యాదగా ఒక్కసారి తిరిగి ఊరుకుంది. నల్లది నానా గోలా చేసి అదే మాట చెప్పింది. బీరువాలోంచి ఇంకో నలుగురివి తీసి పెట్టాను. ఒక్కటి పలకలేదు.

అప్పుడు అర్థమైంది.

ఫ్లాపీ మీద రాత కంటికి కనపడని వలయాల్లో ఉంటుంది. హెడ్ సరిగ్గా ఆ వలయం మీద నిలబడితేనే చదవగలదు. మామయ్య తిప్పిన ప్రతిసారీ హెడ్ వెంట్రుకవాసి జరిగింది. జరిగిన చోటే కొత్త వలయాలు రాసింది. తను రాసింది తను చదువుకుంటుంది గనక ఎవరికీ అనుమానం రాలేదు. రెండో కాపీ కూడా ఆ వంకర డ్రైవ్ రాసిందే. బీరువాలో ఉన్న కాళ్ళన్నీ ఆ ఒక్క వంకరకే తెలుసు. నిన్న టై ఆయన ఆ వంకర తీసేశాడు. మేం ఏది తేల్చామో కనుక్కోవడానికి అప్పుడే వచ్చిన ఆయనకి అదే చెప్పాను.

"నేను బాగు చేశాను మేడమ్!" అన్నాడాయన. "పాడు చేయలేదు, బాగు చేశాను."

"మీరేం తప్పు చేయలేదు," అన్నాను. తప్పెవరిదో నాకు తెలుసు. మామయ్య మీద ఒళ్ళు మండిపోయింది. కాలు దిద్దినట్టు డ్రైవ్‌ని దిద్దుతారా ఎవరైనా? ఇంతమంది కాళ్ళని నీ చెవి మీద నిలబెట్టి, ఆ చెవిని తీసుకుని వెళ్ళిపోతావా? పోయినవాడి మీద కోపమొస్తే ఎవరితో పోట్లాడాలో తెలియదు. వెళ్ళి మొహం కడుక్కుని వచ్చాను.

టీచరు గారు మోకాలి మీద అరచేయి వేసి కూర్చున్నారు, ఎవరో లాక్కుపోతారేమో అన్నట్టు. ఆ చేయి చూశాక నాకు వేరే ఆలోచన లేకుండా పోయింది.

"పాతదాన్ని మళ్ళీ వంకర చేయండి," అన్నాను టై ఆయనతో.

"జిగురు గట్టిపడిపోయింది మేడమ్. పైగా ఆ స్క్రూ అరిగి గుండ్రంగా అయిపోయింది. బలవంతం చేస్తే విరుగుతుంది."

"తెల్లదాన్ని?"

"దాంట్లో ఏదీ కదలదు. ఫ్యాక్టరీలోనే రివెట్లు కొట్టేస్తారు. అదే దాని గొప్ప." నేను చూస్తుండగా ఆయన టై విప్పి జేబులో పెట్టుకున్నాడు. "నల్లదానికి స్క్రూ ఉంది."

నల్లదాని మూత తీశాం. మామయ్య ఎటు తిప్పాడో, ఎంత తిప్పాడో చెప్పేవాళ్ళు లేరు. రవ్వంత తిప్పడం, ఫ్లాపీ పెట్టడం, కటకట. ఇంకో రవ్వ, కటకట. కొంతసేపటికి టై ఆయన స్క్రూడ్రైవర్ నా వైపు చాపాడు. నేను తీసుకున్నాను. తెర వైపు చూస్తే లాభం లేదని తెలిసింది. అది చదవలేదనే చెబుతుంది గానీ, దగ్గరికొచ్చానా దూరం పోతున్నానా అన్నది చెప్పదు. అందుకని చెవి ఆనించాను.

కటకటల్లో తేడా ఉంది! ఇటు తిప్పితే పదునుగా, అటు తిప్పితే మెత్తగా. మెత్తగా ఉన్న వైపే పోయాను. మూత లోపల్నుంచి ప్లాస్టర్ వాసన వస్తున్నట్టనిపించింది. కొత్త డ్రైవ్‌లో ప్లాస్టర్ ఎక్కడిది, ఆ వాసన దాంట్లో పెట్టిన ఫ్లాపీది. ఇంకొంచెం తిప్పాను. కటకట ఆగిపోయింది. ఆగి, టిక్ అంది. తర్వాత ఇంకో టిక్. ముసలాయన చుట్ట కాల్చుకుంటూ తాపీగా నడుస్తున్నట్టు ఒకటే చప్పుడు.

ఎన్నో ఏళ్ళు ఆ చప్పుడు పక్క బల్ల మీంచి వింటూ విసుక్కున్నాను. అది విని ఇప్పుడు ఏడ్చాను. టీచరు గారి ముందూ, టై లేని టై ఆయన ముందూ, ముక్కు చీదుకుంటూ ఏడ్చాను.

తెర మీద సాకెట్ పైనుంచి కిందికి గీత గీతగా దిగింది. నేనెప్పుడూ ఇలాంటివి చూసి గీతలు సరిగా ఉన్నాయా లేదా అనే చూసేదాన్ని. ఈసారి పల్లాలు చూశాను. మచ్చ ఉన్న చోట ఒక పల్లం. మోకాలి కింద వేలు ఆనించినంత నొక్కు. అడుగుదాకా వచ్చి ఆగిపోయింది. ఆఖరి వలయాల మీద గీరుకుపోయి ఉంది, పిండి చేసిన పనే అయ్యుంటుంది. ఎముక అంచు ఆనే అడుగు భాగం రాలేదు. ఎంత తిప్పినా రాలేదు.

వచ్చింది వచ్చినట్టు ఇంకో డ్రైవ్‌లో, సరిగ్గా ఉన్నదాంట్లో, కొత్త ఫ్లాపీ మీదికి దించాను. అడుగుని కొలతల ప్రకారం పూడ్చి, అచ్చు చెక్కించి, వారంలోగా సాకెట్ తయారుచేయించాను.

టీచరు గారు కమ్మీల మధ్య నిలబడ్డారు. నేను అలవాటుగా కంప్యూటర్ వైపే నడవబోయి, ఆగాను. అడుగు భాగం కంప్యూటర్‌లో లేదు. వచ్చి ఆవిడ ముందు మోకాళ్ళ మీద కూర్చున్నాను.

"ఎక్కడైనా నొప్పిగా ఉందా టీచర్ గారూ?"

"లేదమ్మా. హాయిగా ఉంది."

కమ్మీని పట్టుకున్న ఆవిడ వేళ్ళు తెల్లగా పాలిపోయి ఉన్నాయి.

"లెక్కల టీచరై ఉండి అబద్ధాలు చెబుతున్నారు."

ఆవిడ నవ్వబోయి పెదవి కొరుక్కున్నారు. "నీకెందుకు శ్రమ అని. కొంచెం. అడుగున, లోపలి వైపు."

విప్పించి, ఆకురాయితో గీసి, వేలితో తడిమి, మళ్ళీ తొడిగాను. మళ్ళీ అడిగాను. లేదన్నారు. వేళ్ళు చూశాను, విప్పించాను. మధ్యాహ్నం దాకా అదే పని. నా జుట్టు నిండా, కనుబొమల నిండా తెల్లటి పొడి. డాక్టరమ్మ ఒకసారి తొంగిచూసి, నన్ను చూసి వెళ్ళిపోయింది. విప్పించిన ప్రతిసారీ చర్మం మీద ఎర్రటి గుర్తు చిన్నదవుతూ వచ్చింది. చివరికి లేకుండా పోయింది.

టీచరు గారు గది ఆ చివరిదాకా, ఈ చివరిదాకా నడుస్తుంటే, డాక్టరమ్మ మళ్ళీ వచ్చింది.

"ఇంతకీ ఆ డ్రైవుల సంగతి ఏం చేశావు? సాయంత్రంలోగా చెప్పమంటే వారమైంది. తెల్లదే అన్నావుగా?"

"నల్లవి తెప్పించండి."

"అది గోల చేస్తుందని నువ్వేగా అన్నావు?"

"చేస్తుంది. ఆ గోల వింటేనే మనం ఎక్కడున్నామో తెలుస్తుంది. తెల్లది మంచిదే డాక్టర్ గారూ, కానీ అది ఎవరి కోసమూ కదలదు. నల్లవాట్లో ఒకదాన్ని మాత్రం ఎవరూ బాగు చేయకూడదు, టై ఆయనకి గట్టిగా చెప్పండి. బీరువాలో వాళ్ళందరినీ దాంతో ఒక్కొక్కరినే ఇవతలికి తేవాలి. ఒక్కొక్కరికీ విడిగా తిప్పాలి."

"అన్నీ వస్తాయా?"

"అన్నీ రావు," అన్నాను. ఆ మాట అనడం కష్టంగానే ఉంది. "రానిచోట మనుషుల్ని పిలిచి అడుగుతాను."

మేం మాట్లాడుకుంటుంటే టీచరు గారు వస్తానమ్మా అని చేయి ఊపి బయల్దేరారు. డాక్టరమ్మ కూడా వెళ్ళింది. నేను పొడి ఊడ్చుకుంటూ తలెత్తి చూస్తే, కమ్మీకి ఆనించి ఆవిడ చంకకర్రలు అలాగే ఉన్నాయి.

గబుక్కున తీసుకుని గుమ్మం దాకా పరిగెత్తాను. ఆవిడ అప్పటికే గేటు దాటి రోడ్డు పక్కన నడుస్తున్నారు. ఒక చేత్తో చీర కుచ్చిళ్ళు కాస్త పైకి పట్టుకుని, ఎవరితోనో తగాదాకి పోతున్నట్టు విసవిసా పోతున్నారు. పిలవడానికి నోరు తెరిచాను. పిలవలేదు.

లోపలికి వచ్చి, ఆ చంకకర్రల్ని మూలనున్న గుట్టలో, మిగతావాటి పక్కన నిలబెట్టాను.