చిట్టి కాలి ఎముక

జ్ఞానానందం గరుకు కాగితంతో ఎముకను నున్నగా రుద్దుతున్నాడు. నిజం ఎముక కాదు. త్రీడీ ప్రింటర్ పొరలు పొరలుగా పోసిన కుక్క కాలి ఎముక. తెనాలిలో పళ్ల సెట్లు చేసే ల్యాబులో అతనిది ఒక జీవితకాలపు కొలువు. చేసిందంతా జనం నోళ్లలోనే ఉంది కానీ అతని పేరు మాత్రం ఎవరికీ తెలియదు. అందుకతను ఎప్పుడూ బాధపడలేదు.

ఇవాళ్టి పని మాత్రం వేరు. బాపట్లలో పశువుల డాక్టరు భవ్య, చిట్టి అనే కుక్కకు ఆపరేషన్ చేయబోతోంది. ఆటో చక్రం ఎక్కి దాని ఎడమ కాలి ఎముక నుజ్జయింది. బాగున్న కుడి కాలి స్కాన్ పంపి, దాన్ని అద్దంలో బొమ్మలా తిప్పి అచ్చు వేయమంది. ఆ అచ్చు మీదే స్టీలు ప్లేటు వంచి, విరిగిన కాలికి బిగిస్తారు.

ఎముకను తనే పట్టుకుని బాపట్ల బస్సెక్కాడు. పొన్నూరు దాటాక అనుమానం పట్టుకుంది. తిప్పానా, లేదా? పళ్ల పనివాళ్లు దవడను ఎదురుగా పెట్టుకుంటారు. రోగి కుడి వైపు వాళ్లకు ఎడమ చేతి వైపు వస్తుంది. ఆ అలవాటులో మనసులోనే తిప్పేసుకుని, కంప్యూటర్లో వదిలేశాడేమో. ఎముకను సంచిలోంచి తీసి తన కాలి పక్కన పెట్టి చూసుకున్నాడు. మనిషి కాలితో ఏం తెలుస్తుంది? పక్క సీటాయన కాస్త జరిగి కూర్చున్నాడు. డాక్టరుకు ఫోన్ చేస్తే ఎత్తలేదు. నా మూలాన మూగజీవి అవిటిదైపోతే ఎలా అని దారంతా అదే గుబులు.

ఆసుపత్రిలో భవ్య ఎముకను ఎక్స్‌రే పక్కన పెట్టి చూసినంతసేపూ అతను ఆమె మొహం వంకే చూశాడు.

"సరిగ్గానే తిప్పారండి," అని లోపలికి వెళ్లిపోయింది.

ఇక వెళ్లిపోవచ్చు. అయినా వెళ్లలేదు. కుక్కను పెంచుకుంటున్న అమ్మాయి బిందు రేపల్లె నుంచి వచ్చి వరండాలో బల్ల మీద కూర్చుని ఉంది. ఆమె పక్కనే కూలబడ్డాడు. తలుపు చప్పుడైనప్పుడల్లా ఇద్దరూ లేచి నిలబడ్డారు.

సాయంత్రం భవ్య బయటికొచ్చి మాస్కు తీసింది. "ప్లేటు చక్కగా కుదిరిందండి. కానీ మత్తులోంచి లేవలేదు. గుండె ఆగిపోయింది."

తన పనిలో తప్పు లేదన్న మాటే జ్ఞానానందానికి ముందు తట్టింది. ప్రాణం తేలికపడింది. మరుక్షణం తన మీద తనకే అసహ్యం వేసింది.

బిందు అతని వైపు తిరిగింది. "నొప్పి తెలిసుంటుందా బాబాయ్?"

"లేదమ్మా. నిద్దట్లోనే పోయింది."

దుప్పట్లో చుట్టిన చిట్టిని ఇద్దరూ కలిసి ఆటోలో పడుకోబెట్టారు. ఆటో వెళ్లిపోయాక సంచి కోసం వరండాలోకి వచ్చాడు. బల్ల కింద బిందు మర్చిపోయిన స్టీలు గిన్నె ఉంది. అందులో, ఆపరేషన్ కోసం రాత్రి నుంచి పస్తున్న కుక్కకు లేవగానే పెట్టాలని మెత్తగా పిసికి తెచ్చిన పెరుగన్నం.