పొద్దూకినంక ఒక్కరు వింటారు

గొంగడి నెత్తి మీది నుంచి కప్పుకుంటే గది గోడలు మాటను తిప్పి కొట్టవు. ఈ సంగతి త్రివేణికి క్లాసులో ఎవరూ చెప్పలేదు. హాస్టల్ గదిలో రికార్డు చేసినప్పుడల్లా బావిలోంచి మాట్లాడినట్టు వస్తుంటే విసుగొచ్చి, ఒకనాడు మంచం కింద మడత పెట్టిన గొంగడి తీసి ముసుగేసుకుంది. ఫోను నోటి దగ్గర పెట్టుకుని మాట్లాడి, విని చూసుకుంది. ఎవరో పక్కన కూర్చుని చెప్తున్నట్టు గొంతు మెత్తగా వచ్చింది. అప్పటి నుంచి అదే ఆమె స్టూడియో.

"ఏమే, గుడారంల జొచ్చినవా?" అంది గదిలో ఉండే శోభ. "గొర్ల వాసన నా మంచం దాక వస్తాంది."

"ముక్కు మూస్కో. రెండు నిమిషాలు."

"నిన్న గూడ గట్లనే అన్నవ్. ఊరంత నీ కోసమే చెవులు రిక్కిచ్చుకోని కూసున్నట్టు ఏం ఆరాటమే నీది!"

ఆరాటం నిజమే. ఊరంతా కాదు, వింటున్నది ఒక్కరే.

త్రివేణి నల్లగొండ బయట ఉన్న యూనివర్సిటీలో ఎం.ఏ. రెండో ఏడు చదువుతోంది. మీడియా మేనేజ్‌మెంట్ అండ్ టెక్నాలజీ. జడ్చర్ల దగ్గరి వాళ్ల ఊళ్లో ఆ పేరు పూర్తిగా పలికినవాళ్లు లేరు. తండ్రి బీరయ్యను ఎవరైనా అడిగితే "టీవీల చదువు" అని ఊరుకునేవాడు. కెమెరా పట్టడం, కత్తిరించి అతికించడం మొదటి ఏడుతోనే అయిపోయాయి. ఇప్పుడు నేర్చుకుంటున్నది వేరే విద్య. చూసేవాడు ఎవడు, ఎక్కడ ఆగుతాడు, ఎక్కడ విసుగొచ్చి వెళ్లిపోతాడు, వాడిని మళ్లీ ఎట్లా రప్పించాలి. ఆఖరి సెమిస్టర్‌లో ఒక్కరుగానో జట్టుగానో ఒక ఛానల్ పెట్టి నడిపి చూపించాలి.

క్లాసులో నాగేందర్ జట్టు నవ్వించే రీల్స్ చేస్తోంది. వాటిని వేలమంది చూస్తున్నారు. త్రివేణి మాత్రం 'పొద్దూకి' అని మాటల ఛానల్ పెట్టింది. రోజూ సాయంత్రం ఐదారు నిమిషాలు. రేపు ఎండెట్లా ఉంటుంది, మంచు పడుతుందా, మార్కెట్లో బత్తాయి ఏ ధర పలికింది, ఆ రోజు కంట పడిన చిన్న ముచ్చట ఒకటి. చివర్న ఎప్పుడూ ఒకే మాట. "ఇగ ఉంటా. తిన్నరా మరి?"

అది ఆమె మాట కాదు, తల్లి గుర్వమ్మది. గుర్వమ్మ ఫోన్లో గంట మాట్లాడి, ఇగ ఉంటా అనేసి, ఫోను పెట్టేసే ముందు అప్పుడే గుర్తొచ్చినట్టు "తిన్నవా మరి?" అని అడిగేది. కిందటేడు వానాకాలంలో జ్వరంతో దవాఖానలో చేరిన గుర్వమ్మ మళ్లీ ఇంటికి రాలేదు. ఆమెతోపాటు ఆ ఇంట్లో మాట కూడా పోయింది. తండ్రికీ కూతురికీ మధ్య ఇన్నేళ్లూ కబుర్లు మోసింది ఆమే. "మీ నాయిన గిట్లన్నడు", "నీ బిడ్డ గట్లంటాంది" అని. ఇప్పుడు ఆదివారం బీరయ్య తన గుండీల ఫోన్ నుంచి చేస్తాడు.

"బాగున్నవా?"

"బాగున్న. నువ్వు?"

"బాగున్న."

తర్వాత కాసేపు గొర్రెల అరుపులు వినిపిస్తాయి. "పైలం" అంటాడు. ఫోను ఆగిపోతుంది.

మొదట్లో ఛానల్‌ను స్నేహితులు మొహమాటానికి విన్నారు. శోభ కూడా విన్నది. ఒక్కొక్కరే మానేశారు. ఒక్కరు మాత్రం మిగిలారు. ఆ ఒక్కరూ ప్రతిసారీ చివరి దాకా వింటున్నారని లెక్కల పేజీ చెప్తోంది.

శుక్రవారం క్లాసులో విజేందర్ సార్ ఆమెను ఆపి, కుర్చీ చూపించాడు. కోపిష్టి కాదాయన. కానీ కుర్చీ చూపించాడంటే మంచి మాట కాదని అందరికీ తెలుసు.

"నీ గొంతు బాగుంటది త్రివేణీ. అయితే ఇది గొంతుల పోటీ కాదు గదా. ఒక్కరు వింటే ఛానల్ అనరమ్మా, ఫోన్‌కాల్ అంటరు."

క్లాసులో నవ్వులు.

"సోమవారం రివ్యూ. ఆ ఒక్కరు ఎవరో, ఎందుకు వింటున్నరో చెప్పు. చెప్పగలిగితే అట్లాంటోళ్లను ఇంకో పదిమందిని వెతుకుదాం. తెల్వదంటవా, ఆపేసి నాగేందర్ వాళ్లల్ల చేరు."

"రా రా, రీల్స్ కింద అక్షరాలెక్కిచ్చే పని ఖాళీగనే ఉంది," అన్నాడు నాగేందర్. "ఇంతకు ఆ ఒక్కడెవడు? రోజూ మొత్తం ఇంటుండంటే జర ఫికర్ చెయ్యాల్సిందే!"

ఆమె కూడా నవ్వింది. గదికి వచ్చాక నవ్వు రాలేదు. రోజు మొత్తంలో తన మాట తనకు పూర్తిగా వినిపించేది గొంగడి కిందనే. అదీ పోతే, మెస్‌లో "ఇంకొంచెం పప్పు" అనడం తప్ప రోజంతా ఏం మాట్లాడినట్టు?

లెక్కల పేజీ తెరిచింది. 'వింటున్న ఊరు' అని ఒక వరుస ఉంటుంది. ఇన్నాళ్లూ దాన్ని సరిగా చూడలేదు. మొదట కల్వకుర్తి. తర్వాత డిండి. తర్వాత దేవరకొండ. ఇప్పుడు కొండమల్లేపల్లి. రోజూ బస్సులో తిరిగే ఉద్యోగస్తుడేమో అనుకుంది. కానీ పొద్దున బయలుదేరితే భోజనాల వేళకు చేరే ఆ దూరానికి ఈ మనిషికి నెల పట్టింది. ఒక చోట రెండు మూడు సాయంత్రాలు వింటాడు. ఒక రోజు వినడు. మళ్లీ జర అవతల ఇంకో చోట తేలతాడు.

ఎవరు నడుస్తారు ఇట్లా?

మెస్‌లో కంచం ముందు కూర్చున్నాక తట్టింది. చేయి అన్నంలోనే ఆగిపోయింది. మంద!

పంట ఎత్తిన చేనులో రైతులు గొర్రెల మంద కట్టించుకుంటారు. రెండు మూడు రాత్రులు పడుకుంటే నేలకు ఎరువు. ఆ తర్వాత మంద చుట్టూ కట్టిన వల పీకి, ఒక పగలంతా నడిచి, ఇంకో రైతు చేనులో దిగాలి. యాసంగి పంట మొదలయ్యే వేళకు పాలమూరు గొర్రెలన్నీ అట్లా చేను చేనూ మారుతూ సాగర్ కాలువ దిక్కు పోతాయి. చిన్నప్పుడు బడికి సెలవులిస్తే తనూ పోయింది, గాడిద మీద కూర్చుని.

కానీ నాయినది గుండీల ఫోను. అందులో ఇవన్నీ రావు. అమ్మ టచ్ ఫోను ఇంట్లో సందుక పెట్టెలో ఉండాలి.

వరండాలోకి వచ్చి పేర్లలో 'అమ్మ' దగ్గర ఆగింది. అమ్మ పోయినప్పటి నుంచి ఆ పేరును తీసేయనూ లేదు, ఒత్తనూ లేదు. ఒత్తింది. మోగింది. వెంటనే కట్ చేసింది. సందుకలో పడి ఉన్న ఫోను ఇన్నాళ్ల తర్వాత మోగదు గదా.

శనివారం మధ్యాహ్నమే ఆ రోజు ముచ్చట రికార్డు చేసి పెట్టేసి, దేవరకొండ బస్సెక్కింది. కొండమల్లేపల్లిలో దిగి చాయ్ హోటలాయనను అడిగింది. "అన్నా, పాలమూరు గొర్లోళ్లు యాడ దిగిండ్రు?"

"కాలిబాట వట్టుకోని పో చెల్లె. వాసనే తోలుకపోతది," అన్నాడాయన.

పత్తి కట్టె పీకేసిన చేను అది. పొద్దు కుంకింది, వెలుతురు ఇంకా పోలేదు. కర్రలకు వల కట్టి, లోపల గొర్రెలను తోలారు. జతగాళ్లు అవతలి చేనులో తమ మందలను సర్దుతున్నారు. కుక్క లేచి వచ్చి, వాసన చూసి, అరవకుండా తోకాడించింది. అప్పుడు వినిపించింది ఆమెకు, ఆ ఖాళీ చేను మధ్యలోంచి తన గొంతు.

వల మూల కర్రకు ఒక గుడ్డ సంచి వేలాడుతోంది. గొంతు దాంట్లోంచి వస్తోంది. ఆ కర్ర మొదట్లో, ఇటు వీపు పెట్టి, బీరయ్య కూర్చున్నాడు. త్రివేణి కుప్పేసిన పత్తి కట్టె పక్కన ఆగింది.

"రేపు పొద్దుగాల మంచు జోరుగుంటదంట," అంటోంది సంచిలోని గొంతు.

"నిన్ననే వడ్డది బిడ్డా," అన్నాడు బీరయ్య. "రెండు పిల్లలు గజగజ వణికినయి. నా గొంగడి వాటికే కప్పిన."

"బత్తాయి ధర జర తగ్గింది..."

"బత్తాయిలు మనమేం జేసుకుంటం తియ్. మోకాలు మల్ల వట్టుకుంది. మీ అమ్మ ఉంటే ఉప్పు కాపడం పెట్టేది."

మెస్‌లో పిల్లి దూరి పెరుగు గిన్నెలో తల ఇరికించుకున్న ముచ్చట వచ్చింది. వంటాయన గిన్నె పట్టుకుంటే పిల్లి ఊడక, పిల్లిని పట్టుకుంటే గిన్నె ఊడక, ఇద్దరూ గుండ్రంగా తిరిగారట. బీరయ్య భుజాలు కదిలాయి. తర్వాత నోరు తెరిచి నవ్వాడు. ఆ నవ్వు విని ఎంత కాలమైందో! తల్లి పోయాక తండ్రి నవ్వు ఎట్లుంటుందో త్రివేణి మర్చిపోయింది.

"ఇగ ఉంటా. తిన్నరా మరి?"

సంచి మూగపోయింది. గొర్రెలు నెమరేస్తున్న చప్పుడు.

"అచ్చం మీ అమ్మ లెక్కనే అడుగుతవ్," అన్నాడు మెల్లగా. "తినలే బిడ్డా. ఒక్కనికి పొయ్యి ఎలిగియ్య బుద్ధిగాదు. నువ్వైతే తిను."

ఆమె నోటికి చున్నీ అడ్డం పెట్టుకుంది. ఫోన్లో "బాగున్న" తప్ప ఇంకో మాట రాని మనిషి, రోజూ ఇట్లా కూర్చుని ఇన్ని మాటలు చెప్పాడు. అవి ఎవరికీ చేరలేదు. చప్పుడు కాకుండా వెనక్కి గట్టు దాకా నడిచింది. అక్కడి నుంచి, అప్పుడే వస్తున్నట్టు, గట్టిగా పిలిచింది. "నాయినా!"

బీరయ్య గబుక్కున లేచి సంచిలో చెయ్యి పెట్టి తడుముకున్నాడు. "ఎవలు? త్రివేణా? గిట్లొస్తివేంది బిడ్డా, ఒక్కదానివే?"

"చూసిపోదామని. గిదేంది, అమ్మ ఫోనా?"

"ఆఁ... నక్కలకు," అన్నాడు. "మనిషి గొంతు ఇనవడ్తే నక్క దగ్గరికి రాదు. గొర్రెపిల్లలున్నయి గదా. నువ్వు ఒకపారి ఫోన్ల జెప్పిన పేరు జెప్తే, కల్వకుర్తిల ఫోన్ల దుకాణమాయన బొమ్మ వెట్టిచ్చిండు. ఒత్తితే నువ్వస్తవు. నీ గొంతైతేంది, రేడియోదైతేంది."

"రేడియో పెట్టరాదు మరి?"

"దానికి సెల్లులు గావాలె," అన్నాడు ఆమె దిక్కు చూడకుండా.

త్రివేణి మూడు రాళ్లు సర్ది పొయ్యి ముట్టించింది. జొన్నపిండి తడిపి రొట్టె కొడుతుంటే ఆయన ఎదురుగా కూర్చుని పుల్లలు ఎగదోశాడు. రొట్టె, ఉల్లిగడ్డ, పచ్చికారం. రెండో రొట్టె వేస్తే వద్దనలేదు.

"నాయినా, సోమవారం గది ఆపుమంటున్నరు," అంది.

పుల్ల పట్టుకున్న చేయి ఆగింది. "ఏది?"

"నీ నక్కలకు పెట్టేది."

"ఎందుకంట?"

"ఒక్కరే ఇంటున్నరంట."

బీరయ్య వల దిక్కు చూశాడు. తెల్లగా, నల్లగా, ఒకదాన్నొకటి ఆనుకుని పడుకున్న వీపులు. "మీ సార్లకు ఎరికుంటది తియ్. చదువుకు అడ్డమొస్తే ఆపేయ్." కొంచెం ఆగి మళ్లీ అన్నాడు. "కాకుంటే నక్కలు బాగున్నయి బిడ్డా ఈ దిక్కు. ముందట హాలియా దిక్కు ఇంక బాగుంటయంట."

"గట్లనా?"

"అంటున్నరు."

"అయితే ఆప."

ఆయన తలూపి, మంటలోకి ఇంకో పుల్ల తోశాడు.

సోమవారం త్రివేణి లేచి క్లాసు ముందు నిలబడింది. తెర మీద కల్వకుర్తి నుంచి కొండమల్లేపల్లి దాకా ఊళ్లు చూపించింది. ఒక్కో చోట ఎందుకన్ని రోజులో, మధ్యలో ఒక రోజు ఎందుకు ఖాళీయో చెప్పింది. వినేది గొర్రెల కాపరి అని చెప్పింది. మా నాయిన అని కూడా చెప్పింది.

"ఎందుకు వింటడు?" అడిగాడు విజేందర్ సార్.

పత్తి కట్టె పక్కన నిలబడి విన్నదంతా నాలుక చివరి దాకా వచ్చింది. అది ఆయన ఎవరికీ చెప్పుకోనిది. మార్కుల కోసం తను ఎట్లా చెప్తుంది?

"నక్కలు రాకుంట సార్. మనిషి గొంతు ఇనవడ్తే రావంట."

క్లాసు గొల్లుమంది. "నక్కలనన్న లెక్కల రాసుకో, ఇంకో పదిమందైతరు!" అన్నాడు నాగేందర్. విజేందర్ సార్ నవ్వలేదు. ఆమె మొహంలోకి కాసేపు చూశాడు.

"నక్కలు నిజంగనే ఉన్నయా అక్కడ?"

"మా నాయిన ఉన్నయన్నడు సార్."

"మార్కులు ఎక్కువ ఎయ్యలేను. లెక్క లెక్కే."

"సరే సార్."

"నడుపు మరి," అని, తర్వాతి పేరు పిలిచాడు.

ఆ సాయంత్రం గొంగడి ముసుగులో మంచు గురించి, బత్తాయిల గురించి చెప్పింది. మోకాలికి ఉప్పు కాపడం ఎట్లా పెట్టుకోవాలో, ఎవరినీ అనకుండా, ఊరికే చెప్పింది. "ఇగ ఉంటా. తిన్నరా మరి?" అంది. రోజూ అయితే అక్కడే ఆపేసేది. ఖాళీ ఉంటే కత్తిరించాలని క్లాసులో మొట్టమొదట నేర్పిన పాఠం.

"అయిపాయెనా? లైట్ ఆర్పాల్నా?" అంది శోభ.

త్రివేణి గొంగడిలోంచి చెయ్యి ఒక్కటి బయటికి పెట్టి, ఆగమన్నట్టు ఊపింది. ఫోన్లో రికార్డింగ్ నడుస్తూనే ఉంది. అక్కడొక మనిషి తీరుబడిగా జవాబు చెప్పేంతసేపు, ఆమె ఏమీ మాట్లాడకుండా కూర్చుంది.