ఒక గ్రాము పచ్చసొన

ల్యాబులో మూడు గాజు గొట్టాలు నిలబెట్టి అక్క దేవుణ్ణి తలుచుకుంది. కోడి, బాతు, కౌజుపిట్ట: ఒక్కోదాని గుడ్లలోంచి గ్రాము చొప్పున పచ్చసొన తూచి, క్షారంలో ఉడికించి, కొవ్వును విడదీసి, చివరగా ఆమ్లం పోసింది. ఇక రంగు రావాలి. ఆకుపచ్చ ఎంత ముదిరితే కొలెస్ట్రాల్ అంత ఎక్కువ.

గుమ్మం దగ్గర తమ్ముడు ఒంటికాలి మీద ఉన్నాడు. తెగులొచ్చి కోళ్లన్నీ తుడిచిపెట్టుకుపోయాక, ఉన్నదంతా ఊడ్చి కౌజుపిట్టలు పెట్టాడు. కోడిగుడ్డుకన్నా కొలెస్ట్రాల్ తక్కువని ల్యాబు చెబితే గుడ్లు తీసుకుంటామని గుండె ఆసుపత్రి వంటగదివాళ్లు అన్నారు. వాళ్లు తప్ప కొనే దిక్కు లేదు.

"ఏమంటోందక్కా మన పిట్ట?"

"నోరు మూసుకో. రంగు తేలనీ."

తేలింది. మూడూ ఒకే పచ్చ. రంగు కొలిచే యంత్రంలో పెట్టి చూసినా వెంట్రుకవాసే తేడా. నిన్నా ఇంతే. చెయ్యి పొరపాటేమోనన్న ఆశతో ఇవాళ మళ్లీ చేసింది.

"తగ్గలేదురా."

"గుడ్డు చూడక్కా, ఉసిరికాయంత! గ్రాము లెక్క ఎవడడిగాడు? గుడ్డు లెక్కన రాయి. కోడిగుడ్డులో అయిదో వంతే ఉంటుంది. అబద్ధం కాదుగా!"

అబద్ధం కాదు. అదే చిక్కు.

"రోగి పళ్లెంలో ఒక్కటే పెడతారా? కోడిగుడ్డు బదులు అయిదు పెడతారు. అప్పుడో?"

"అప్పటి సంగతి పైవాడు చూసుకుంటాడు."

"ఆయన నెత్తిన రుద్దకు. రంగు పలచబడాలని పొద్దున ఆయన్నే అడిగాను. కొలిచేదాన్నయ్యుండి అలా అడగొచ్చట్రా?" రిపోర్టు కాగితం దగ్గరికి లాక్కుంది.

ఇంత చిన్న గుడ్డు ఇచ్చినవాడు అందులో కొవ్వు మాత్రం ఎందుకు తగ్గించలేదో! లోపల పెరిగే పిల్లకు కావాలి కాబోలు. మరి తమ్ముడికి కావలసింది ఎవరు చూస్తారు? అడిగితే పాపమేమో. అడక్కుండా ఉండలేకపోయింది.

గ్రాము లెక్క, గుడ్డు లెక్క రెండూ రాసి, పచ్చసొనలో తేడా లేదని కింద చేర్చి సంతకం పెట్టింది.

"కింది మాట కొట్టెయ్యక్కా."

"కొట్టెయ్యను."

"చిన్నప్పుడు నీ పలక పగలగొట్టానని ఇప్పుడు తీర్చుకుంటున్నావా?" నవ్వబోయాడు. పెదవులు సహకరించలేదు. ఫోను తీసి మాంసం వ్యాపారికి కలిపాడు.

"బండి పంపన్నా."

"ఎన్ని పిట్టలు?" అంది అవతలి గొంతు.

అక్క అతని భుజం మీద చెయ్యి వేసింది. మెల్లగా తీసేశాడు.

"అన్నీ."