శివారు తూము నంబరు ఒకటి

సంపూర్ణమ్మ ఫోన్ చేసేటప్పటికి శ్యాంబాబు రామచంద్రపురంలోని ఒక ప్రైవేటు పాలిటెక్నిక్‌లో పాఠం చెబుతున్నాడు. అదీ ఓపెన్ సోర్స్ గురించి. సాఫ్ట్‌వేర్ రాసినవాడు లోపలి కోడ్ దాచుకోకుండా నలుగురి ముందూ పెట్టేస్తాడనీ, ఎవరైనా చదువుకోవచ్చు, మార్చుకోవచ్చు, వాడుకోవచ్చనీ చెబుతున్నాడు. పక్కింటావిడకి ఆవకాయ కలపడం చెబితే మన జాడీ ఏమైనా ఖాళీ అవుతుందా అని పిల్లల్ని అడుగుతున్నాడు. ఫోన్ మూడోసారి మోగేసరికి ఇంక లాభం లేదని వరండాలోకి వచ్చాడు.

"మేస్టారూ, నేనండి, పోలవారిపాలెం సంపూర్ణమ్మని. మీ నంబరు చర్చిలో అడిగి తీసుకున్నానండి. శివారు తూము కింద రెండెకరాలు కౌలుకి చేస్తున్నానండి."

"చెప్పండక్కా."

"వంతు నీళ్ళు రాలేదండి. ముందు వంతూ పోయింది, ఈ వంతూ పోయేలా ఉంది. చేను పొట్ట మీదుందండి. వంతుల యాప్‌లో అడుగున మీ పేరుందని మా అమ్మాయి చదివి చెప్పిందండి."

"అది నా యాప్ కాదక్కా. ఏదో కంపెనీవాళ్ళది."

"మీ పేరుందండి మరి" అంది సంపూర్ణమ్మ. తప్పు పట్టినట్టు కాదు, ఉన్నమాట అన్నట్టు.

ఆ పేరు అక్కడికి ఎలా వెళ్ళిందో చెప్పాలంటే నాలుగేళ్ళు వెనక్కి పోవాలి. దాళ్వాలో, అంటే రెండో పంటప్పుడు, గోదావరికి నీళ్ళు తగ్గితే కాలువలకి వంతులు పెడతారని ధవళేశ్వరం ఆనకట్ట కింద సేద్యం చేసే ప్రతివాడికీ తెలుసు. పోలవారిపాలెం కాలువకి ఏడు రోజులు నీళ్ళు వదులుతారు, ఏడు రోజులు కట్టేస్తారు. వదిలిన ఏడు రోజుల్లో పద్నాలుగు తూములకీ తలా ఒక పూట. ఎవరి పూట ఎప్పుడో తెలియక ఏటా గట్ల మీద తగువులే. శ్యాంబాబు రెండు వేసవి సెలవులు కూర్చుని దానికో చిన్న సాఫ్ట్‌వేర్ రాశాడు. 'వంతు' అని పేరు పెట్టాడు. తూములు వరసగా ఎక్కిస్తే చాలు, ఎవరి పూట ఎప్పుడో లెక్కగట్టి రైతు ఫోన్‌కీ, తూములు తీసి మూసే లస్కరు ఫోన్‌కీ కబురు పంపుతుంది. రాసినదంతా ఇంటర్నెట్‌లో పెట్టేశాడు. తీసుకోండి, మార్చుకోండి, అమ్ముకోవాలంటే అమ్ముకోండి అన్నాడు. షరతు ఒక్కటే, రాసినవాడి పేరు తీసెయ్యకూడదు.

కిందటేడు హైదరాబాదు కంపెనీ ఒకటి దాన్ని పట్టుకుంది. పట్టుకున్న సంగతి శ్యాంబాబుకి ఫిర్యాదుల వల్ల తెలిసింది. ఫలానా చోట తప్పుంది, శుక్రవారంలోగా సరిచెయ్యండి, మాకు డెమో ఉంది అని రాశారు. నీ డెమోతో నాకేం పనయ్యా అని అడగాల్సిన పెద్దమనిషి, కాలేజీ నుంచి రాగానే కూర్చుని సరిచేసి పంపాడు. ఒకసారి కాదు, ముప్ఫై సార్లకి తక్కువ కాదు. రెండు నెలలు తిరక్కుండా అది 'వంతు ప్లస్' అయి ఊరి మీదకి దిగింది. ఆ ప్లస్ ఏంటో ఇప్పటికీ ఎవరికీ తెలీదు. రంగు మారింది, పైన కంపెనీ బొమ్మ వచ్చింది, లోపలి కోడ్‌కి తాళం పడింది. సొమ్మొకడిది సోకొకడిదని అప్పుడే అనుకోవాలి. శ్యాంబాబు అనుకోలేదు. నలుగురికీ పనికొస్తోంది కదా, అడుగున నా పేరు కూడా ఉంచారు, మర్యాదస్తులే అని మురిసిపోయాడు.

సంపూర్ణమ్మ ఫోన్ చేసిన సాయంత్రమే బండేసుకుని పోలవారిపాలెం వెళ్ళాడు. కాలువ మొదట్లో తూము దగ్గర లస్కరు చిట్టియ్య నిలబడి ఉన్నాడు, ఫోన్ కళ్ళకి దూరంగా పెట్టుకుని.

"చిట్టియ్యగారూ, ముందు శివారుకి కదా ఇవ్వాలి?"

"మరేనండి. మా నాన్న హయాం నుంచీ అంతేనండి. ఫోను మాత్రం ఇలాగంటోందండి."

'నంబరు ఒకటి తెరవండి' అని ఉంది అందులో. చిట్టియ్య పక్కనున్న తూముకి కొత్తగా పసుపు రంగు రేకు బిగించారు. దాని మీద ఒకటి అని ఉంది.

శ్యాంబాబు ఆ రేకు వైపు చూస్తూ అలాగే నిలబడిపోయాడు. సంగతి అర్థమైంది.

పోలవారిపాలెం కాలువ మీద లెక్క తోక నుంచి మొదలవుతుంది. చిట్టచివరి శివారు తూము నంబరు ఒకటి. మొదట్లోది పద్నాలుగు. మొదటి రోజుల్లో నిండుగా వచ్చే నీళ్ళే చివరిదాకా వెళ్ళగలవు. ముందు పైవాళ్ళకి ఇస్తే, ఆ తూముల్లోంచి కారిపోయేది పోను, కాలువ మట్టం పడిపోయాక శివారుకి చేరేది తడి మాత్రమే. అందుకని ఎప్పుడో పెద్దలు కూర్చుని చేసుకున్న ఏర్పాటు అది. కాగితం మీద ఎక్కడా లేదు. శ్యాంబాబు కూడా 'నంబరు ఒకటి ముందు తెరువు' అని రాశాడు తప్ప ఒకటంటే శివారని రాయలేదు. ఎందుకు రాస్తాడు? అందరికీ తెలిసిందే కదా. ఆ అందరూ ఈ కాలువ కిందనే ఉన్నారని అతనికి తట్టలేదు.

కంపెనీవాళ్ళు ఉపగ్రహం తీసిన పటం ముందు పెట్టుకుని కాలువ మొదట్నుంచి ఒకటి, రెండు, మూడు అని వేసుకుంటూ పోయారు. మిగతా లోకంలో ఎవరైనా అలాగే వేస్తారు. కోడ్‌లో ఒక్క అక్షరం ముట్టుకోలేదు. శ్యాంబాబు ఎలా రాశాడో అలాగే, నంబరు ఒకటి ముందు తెరిపిస్తున్నారు.

"వరస మార్చి శివారుకి ముందు ఇవ్వలేరా మీరు?" అని అడిగాడు.

"ఇవ్వగలనండి. తూము తీసినప్పుడల్లా ఫొటో పెట్టాలండి. వరస తప్పితే ఎర్ర గుర్తు పడుద్దండి. మూడు పడితే మనిషిని మార్చేస్తారంటండి. నాకు రెండు పడ్డాయండి."

"ఎందుకు పడ్డాయి?"

"శివారుకి ఇచ్చానండి. ఓ గంట వదిలేసరికి ఫోనొచ్చింది, మూసెయ్యమని."

నీటి సంఘం అధ్యక్షుడు వెంకటరాజు గారింటికి వెళితే ఆయన కుర్చీ వేయించి, కాఫీ ఇప్పించి, చక్కగా విన్నాడు. "మీరు చెప్పేది నిజమేనండి. కాదన్ను. కానీ యాప్ ఎలా చెబితే అలాగని సంఘమంతా సంతకాలు పెట్టేశాం కదండి. ఇప్పుడు నేను మారిస్తే నా ఇష్టం వచ్చినట్టు చేశానంటారు. పైగా ఈ ఏడు గట్టు మీద ఒక్క తగువు లేదు, గమనించారా?" అన్నాడు. తగువు లేని మాట నిజమే. రాజుగారి చేలన్నీ పసుపు రేకు ఒకటో నంబరు కిందే ఉన్నాయి.

శ్యాంబాబు కోపం వస్తే అరిచే రకం కాదు, ఇంగ్లీషులో ఉత్తరం రాసే రకం. ఎంత కోపమొస్తే అంత మర్యాదగా రాస్తాడు. జరిగిందంతా వివరంగా రాసి, వరస తిరగేసే ఒక్క లైను కోడ్ కూడా తనే రాసి కంపెనీకి పంపాడు. మీ సహకారానికి ధన్యవాదాలు అని మిషనొకటి జవాబిచ్చింది. రెండోసారి రాస్తే, మా దగ్గర ఆ సమస్య కనిపించడం లేదు అని వచ్చింది. హైదరాబాదులో కూర్చుంటే పోలవారిపాలెం చేను ఎండటం ఎలా కనిపిస్తుంది? మూడోసారి, నాలుగోసారి రాసినా లాభం లేక తిన్నగా ఫోనే చేశాడు. అవతల రాజ్ కుమార్ అని ఆ యాప్‌కి మేనేజరు.

"సార్, మీరు మాకు ఇన్‌స్పిరేషన్ సార్. మా కంపెనీ ఓపెన్ సోర్స్ కమ్యూనిటీకి ఫుల్ సపోర్ట్ సార్."

"సంతోషమండి. శివారు తూము ముందు తెరిపించాలి. ఒక్క లైను మారిస్తే చాలు."

"అలా ముందు తెరవాలని ఏదైనా డాక్యుమెంట్ ఉందా సార్? సర్క్యులర్ లాంటిది?"

"లేదండి. అది వాడుక."

"డాక్యుమెంట్ లేకపోతే మేం దాన్ని ఒపీనియన్ కింద తీసుకోవాల్సి వస్తుంది సార్."

"దాన్ని రాసినవాణ్ణి నేనండి."

"అదే సార్, మీరు రాసినదాంట్లో కూడా ఎక్కడా లేదు. మావాళ్ళు మొత్తం చెక్ చేశారు."

అబద్ధమైతే పోట్లాడొచ్చు.

"ఒక పని చేద్దాం సార్. ఫామ్ పంపిస్తాను, సైన్ చేసి ఇవ్వండి. జూన్ వెర్షన్‌లో తప్పకుండా చూస్తాం."

"జూన్‌కి చేలో ఏముంటుందండి? ఏప్రిల్లో కోతలు."

"నెక్స్ట్ సీజన్‌కి హెల్ప్ అవుతుంది కదా సార్" అన్నాడు రాజ్ కుమార్, నిజంగానే సాయం చేస్తున్నవాడిలా.

ఫోన్ పెట్టేశాక శ్యాంబాబుకి ఒళ్ళు మండిపోయింది. ముప్ఫై తప్పులు సరిచేసినప్పుడు ఏ డాక్యుమెంటు అడిగారు వీళ్ళు? అప్పుడు ఫామ్ లేదు, సంతకం లేదు, శుక్రవారం ఒక్కటే ఉంది. తీసుకునేటప్పుడు అందరిదీ, మార్చమంటే వాళ్ళది. పైగా కమ్యూనిటీ అనొకటి. ఏ కమ్యూనిటీ? ఆ మాటన్నవాళ్ళలో ఒక్కడు చేనికి నీళ్ళు పారే బోదెలో కాలు పెట్టాడా? వాళ్ళు చేసిందాంట్లో చట్టం తప్పిందేమీ లేదు, అది ఇంకా మంట. దొంగతనమైతే కేసు పెట్టేవాడు. ఇతను తలుపు తీసి, తీసుకోండని పిలిచి మరీ ఇచ్చాడు.

అసలు బాధ వేరే ఉంది. ఒకటంటే శివారు అని ఒక్క ముక్క, ఆ నాలుగేళ్ళలో ఏ రోజు రాసినా నిమిషం పట్టేది కాదు. అది తలుచుకున్నప్పుడల్లా కంపెనీని ఇంకో నాలుగు తిట్టుకునేవాడు.

ఈలోగా ఫోన్లు పెరిగాయి. పక్క కాలువల మీద కూడా ఆ యాపే పెట్టారు, అక్కడా అదే తంతు. అడుగున పేరు చూసి నంబరు సంపాదించి చేసేవాళ్ళు. సంపూర్ణమ్మలాగ అండి అనేవాళ్ళు కొందరే. నీ పేరు చూపించుకోడానికి మా చేలు ఎండగడతావా అన్నాడొకాయన. ఇంకొకాయన అమ్మానాన్నల్ని కూడా కలిపి మాట్లాడాడు. సంపూర్ణమ్మ మాత్రం రెండు రోజులకోసారి చేసి, "ఏమన్నా తెలిసిందాండి మేస్టారూ" అని అడిగి, లేదంటే "సరేనండి" అని పెట్టేసేది. ఆ సరేనండి కంటే తిట్లే నయమనిపించేది.

"ఒక్క షరతు పెట్టారు. అది కాస్తా మీ మెడకే చుట్టుకుంది" అంది భార్య ఆశాజ్యోతి, అన్నం వడ్డిస్తూ. "పేరు తీసెయ్యమని రాసెయ్యకూడదూ? తిట్లు తినడానికా మీరు సెలవులు పాడుచేసుకున్నది."

భోజనం మధ్యలో లేచి, ఎడంచేత్తోనే ఫోన్‌లో రాశాడు. నా పేరు మీ యాప్‌లోంచి తొలగించండి, నాకేమీ అభ్యంతరం లేదు అని. చెయ్యి కడుక్కుని వచ్చేసరికి జవాబు వచ్చేసింది. ఈసారి మిషను కాదు, రాజ్ కుమారే. తొలగించాం సార్, మీ సహకారానికి ధన్యవాదాలు. ఇరవై రోజులు నీళ్ళడిగితే కదలని మనుషులు పది నిమిషాల్లో పేరు ఊడబీకేశారు.

ఫోన్ మోగడం తగ్గింది. నాలుగో రోజుకి పూర్తిగా ఆగిపోయింది. శ్యాంబాబు హాయిగా నిద్రపోయాడు. క్లాసులో ఓపెన్ సోర్స్ మీద మిగిలిన పాఠం ఎగ్గొట్టి డేటాబేస్‌లు మొదలుపెట్టాడు. సంపూర్ణమ్మ కూడా ఫోన్ చెయ్యలేదు. అది మనసులో మెదిలినా, నీళ్ళందాయేమోలే అని సర్దిచెప్పుకున్నాడు.

ఆ తర్వాతి మంగళవారం మధ్యాహ్నం ప్యూను వచ్చి, మీకోసం ఎవరో ఆవిడ గేటు దగ్గర కూర్చుందన్నాడు. వెళ్ళి చూస్తే సంపూర్ణమ్మ. ఎండన పడి ఆటో మీద వచ్చినట్టుంది, కొంగుతో మొహం తుడుచుకుంటోంది. అతన్ని చూసి లేచి నిలబడింది.

"లోపలికి రండక్కా. నీళ్ళు తాగుదురుగాని."

"పర్లేదండి. ఒక్క మాట అడిగి ఎల్లిపోతానండి."

"చేనెలా ఉంది?"

"మొన్న గేదెలకి వదిలేశానండి. వెన్ను తీసింది గానీ అంతా తెల్లగా తాలు పోయిందండి. ఇంకా ఉంచి లాభం లేదన్నారు."

శ్యాంబాబు ఏదో అనబోయాడు. కంపెనీ గురించి, రేకుల గురించి, జూన్ గురించి చెప్పడానికి చాలా ఉంది. ఆమె అవి వినడానికి వచ్చినట్టు లేదు.

"నాది అయిపోయిందిలెండి. నా పక్క చేను పాపాయిదండి. ఆలస్యంగా ఊడ్చింది, అది ఇంకా పచ్చగానే ఉందండి. ఇంకో వంతుందంట కదండి. ఎవరికి ఫోను చెయ్యాలా అని యాప్‌లో చూస్తే ఎవరి పేరూ లేదంటండి. మీ పేరు కూడా తీసేశారంటండి."

"నేనే తీయించానక్కా."

"ఆయ్, అలాగే అనుకున్నానండి. బోలెడుమంది చేసుంటారు మీకు. మీ నంబరు నా దగ్గరుందండి. పాపాయి ఇమ్మంటోంది. మీరు పేరు తీయించుకున్నాక అడక్కుండా ఇస్తే బాగోదని, ఓసారి అడిగి ఎల్దామని వచ్చానండి. ఇవ్వొచ్చాండి?"

"ఇవ్వండక్కా" అన్నాడు శ్యాంబాబు.