బాయిలర్ మీద పడ్డ నేరం

మా ఇంట్లో బాయిలర్ మార్చాలా వద్దా అన్న గొడవ రెండేళ్ళు నడిచింది. మార్చాలన్నది నేను, వద్దన్నది మా ఆయన టైటస్. ఆయనతో వాదించడం కంటే గోడకు తల బాదుకోవడం నయం. గోడ కనీసం 'చూద్దాంలే పుష్పా' అనదు.

కార్క్ నగరం పక్కన బాలింకాలిగ్‌లో ఈ ఇల్లు మేం కొనేనాటికే, ఇల్లంతా వెచ్చబెట్టే ఆ గ్యాస్ బాయిలర్‌కి ఇరవై ఏళ్ళు. వంటింటి మూల ప్రెస్‌లో ఉండేది. ఇక్కడ అలమరని ప్రెస్ అంటారు. వెలిగేటప్పుడు దగ్గేది, ఆరేటప్పుడు మూలిగేది. నేను వృద్ధాశ్రమంలో నర్సుని. పన్నెండు గంటలు ముసలివాళ్ళని లేపి, కూర్చోబెట్టి, పడుకోబెట్టి, నడుం పట్టేసి ఇంటికొస్తే గదులు వేడెక్కించే రేడియేటర్లు అప్పటికింకా గోరువెచ్చగా కూడా అయ్యేవి కావు. కోటు విప్పకుండానే అన్నం వండిన రోజులున్నాయి. ఎంత మొత్తుకున్నా మా ఆయన నిమ్మకు నీరెత్తినట్టు కూర్చునేవాడు.

ఆయనది ఒక టెక్ కంపెనీలో సర్వర్లు చూసే ఉద్యోగం. నేను చెప్పేది 2019 మాట. కార్క్ చుట్టుపక్కల కంపెనీలు ఎడాపెడా మనుషుల్ని తీసుకుంటున్న రోజులు. ఆయన టీమ్ ఏడాదిలో రెండింతలైతే పని నాలుగింతలైంది. ఆ ఉద్యోగంలో ఆయన ఒంటబట్టించుకున్న వేదాంతం ఒక్కటే, నడుస్తున్నదాన్ని కదపకూడదు. ఎవడో ఒకడు బాగు చేద్దామని వేలు పెడతాడు, మొత్తం కూలుతుంది, శనివారం కూడా ఈయనే పోయి నిలబెట్టాలి. అందుకని బాయిలర్ దగ్గరా అదే పాట. అది నడుస్తోందా లేదా? నడుస్తోంది. మరి నీ బాధేంటి?

నా బాధ చలి అనుకున్నాను అప్పటికి. అసలు బాధ మా అమ్మాయి జెస్సికాది.

దానికి పదిహేడేళ్ళు. ఇక్కడ స్కూలు చదువు చివర లీవింగ్ సర్ట్ అని పెద్ద పరీక్ష ఉంటుంది, ఆ ఏడాది దానికదే. మేడ మీద గది చలిగా ఉంటుందని వంటింట్లో బల్ల దగ్గర కూర్చుని చదువుకునేది. టీవీ మోత వినపడకుండా తలుపు వేసుకునేది. అక్టోబరు నుంచి మొదలైంది దాని వరస. పుస్తకం తెరిచిన గంటకి తలనొప్పి అనేది. ఇంకో గంటకి బల్ల మీద తల పెట్టి నిద్రపోయేది. మార్కులు పడిపోయాయి. లెక్కల టీచరు నన్ను పిలిచి, ఇంట్లో ఏమైనా ఇబ్బందా అని మెల్లగా అడిగింది. నాకు తల కొట్టేసినట్టయింది. ఫ్యామిలీ డాక్టరు దగ్గరికి తీసుకెళ్తే రక్తంలో ఐరన్ కొంచెం తక్కువ ఉందని మాత్రలు రాశాడు. మాత్రలు వేసుకుంది, నిద్ర మానలేదు.

నా నోటి సంగతి నాకు తెలుసు. నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు, ఆ లెక్కన నాకు ఏ ఊరూ మంచిది కాకూడదు. అలిసిపోయి వచ్చిన ప్రతి సాయంత్రం ఆ పిల్ల మీద పడేదాన్ని. నిద్రమొహం అన్నాను. ఫోను పిచ్చి అన్నాను. స్కూల్లో బాగానే ఉంటావు, ఆదివారం చర్చిలో బాగానే ఉంటావు, పుస్తకం ముందు కూర్చోగానే తలనొప్పి ఎలా వస్తుందే, నాటకాలా అన్నాను. అది తెలుగులో అన్నీ అర్థం చేసుకుని, కార్క్ యాసలో ఇంగ్లీషులో జవాబిచ్చేది. "స్టాప్ గివింగ్ అవుట్ టు మీ, మమ్మీ" అనేది. తిట్టొద్దు అని ఇక్కడి భాష. కొన్నాళ్ళకి ఆ మాట అనడం కూడా మానేసింది. తలొంచుకుని వినేది. గెలిచాననుకున్నాను.

డిసెంబరులో ఒక మంగళవారం నాకు సెలవు. ఆ సాయంత్రం దాన్ని కాపలా కాద్దామని, ఉల్లిపాయలు ముందేసుకుని అదే బల్ల దగ్గర కూర్చున్నాను. తలుపు వేసి ఉంది, బాయిలర్ మండుతోంది. రెండు గంటలయ్యేసరికి నా కణతలు అదరడం మొదలుపెట్టాయి. కడుపులో తిప్పింది. చెత్త పడేద్దామని పెరట్లోకి వెళ్ళి నాలుగడుగులు నడిచానో లేదో తల తేలికపడింది. లోపలికొచ్చాను, కాసేపటికి మళ్ళీ నొప్పి. అప్పుడు చూశాను నా కూతుర్ని. బల్ల మీద చెంప ఆనించి, నోరు కొద్దిగా తెరిచి పడుకుని ఉంది. ఇరవై రెండేళ్ళ నుంచి నర్సుని నేను. అప్పటికి గానీ నాకు తట్టలేదు.

దాన్ని లేపి బయటికి లాక్కొచ్చి, బాయిలర్ ఆపేసి, తలుపులన్నీ తెరిచాను. టైటస్ రాగానే ఇది బాయిలర్ పొగే అని చెప్పాను. రెండేళ్ళ నుంచి మార్చమంటున్నావు కాబట్టి నీకు అన్నీ బాయిలర్ లాగే కనిపిస్తాయి అన్నాడు. ఎవర్నైనా పిలిచి చూపిద్దాంలే అన్నాడు. చూద్దాం అన్న మాట ఆయన నోట ఎప్పుడూ ఏడాదికి తక్కువ కాదు. ఆ రాత్రి స్వెట్టర్ల మీద స్వెట్టర్లు వేసుకుని పడుకున్నాం. తెల్లారి ఆయన ఆఫీసుకీ, పిల్ల స్కూలుకీ వెళ్ళగానే, డ్యూటీకి రాలేనని ఫోన్ చేసి గ్యాస్ ఫిట్టర్‌ని పిలిపించాను.

డోనల్ అని యాభై దాటిన మనిషి వచ్చాడు. బాయిలర్ వెలిగించి, చేతిలో మీటరు పట్టుకుని వంటిల్లంతా తిరిగాడు. అది కీచుమంది. ఆయన వెంటనే బాయిలర్ ఆపేసి, గ్యాస్ కట్టేసి, వెనక తలుపు బార్లా తెరిచాడు. కార్బన్ మోనాక్సైడ్ అన్నాడు. ఇంట్లో ఎవరికైనా తలనొప్పి, మగత ఉన్నాయా అని అడిగాడు. ఉన్నాయన్నాను. నాకు లోపల ఏడుపుతో పాటు, చెప్పడానికి సిగ్గుగా ఉంది కానీ, కొంచెం గర్వం కూడా. నేను చెప్పిందే నిజమైంది కదా.

తర్వాత ఆయన గోడలు తడమడం మొదలుపెట్టాడు. ఈ రకం పాత బాయిలర్ గదిలోని గాలే పీల్చుకుని మండుతుందట. అందుకని గదిలోకి బయటి గాలి వచ్చే కన్నం ఒకటి తప్పకుండా ఉండాలట. బయట గోడకి జాలీ కనిపిస్తోంది, లోపల ఏది అని అడిగాడు. లోపల ఆ చోట బైబిలు వాక్యాల క్యాలెండర్ వేలాడుతోంది. ఆయన దాన్ని మర్యాదగా పక్కకి తీశాడు. వెనక కన్నంలో, గట్టిగా చుట్టి కుక్కిన పాత తువ్వాలు ఉంది.

అది కుక్కింది నేనే.

ఈ ఇంటికొచ్చిన మొదటి చలికాలం అది. ఆ కన్నంలోంచి గాలి కత్తిలా కోసేది. హీటర్లు పెట్టి గోడకి కన్నాలు పెట్టుకునే బుద్ధిహీనులు ఎవరమ్మా అని నవ్వుకున్నాను. మా బాపట్లలో గోడకి కన్నం కనిపిస్తే ఎలుకో పామో వస్తుందని గుడ్డ కుక్కుతాం. అమ్మ కుక్కేది, అమ్మమ్మ కుక్కేది. నేనూ కుక్కాను. కనపడకుండా క్యాలెండర్ తగిలించాను. ఏటా క్యాలెండర్ మార్చాను, తువ్వాలు సంగతే మర్చిపోయాను.

ఇంతకు ముందు చలికాలాలు మీరు బతికి బట్టకట్టింది వంటింటి పాత వెనక తలుపు వల్ల అన్నాడు డోనల్. దాని సందుల్లోంచి గాలి వచ్చేది. వేసవిలో మేం కొత్త తలుపు బిగించుకున్నాం, సందు లేకుండా. ఈ తువ్వాలు ఎవరు పెట్టారు అని అడిగాడు. ఇల్లు కొన్నప్పటి నుంచీ ఉంది అన్నాను. ఆ అబద్ధం ఎంత తేలిగ్గా వచ్చిందంటే, అది అబద్ధమని నాకే కాసేపటికి గానీ తెలియలేదు. ఆయన నా మొహం చూసి "యూ ఆర్ గ్రాండ్" అన్నాడు. ఇక్కడ గ్రాండ్ అంటే ఆర్భాటం కాదు, ఏం పర్లేదు అని. బాయిలర్ లోపలంతా విప్పి చూసి, ముసలిదే కానీ దీని తప్పేమీ లేదు, శుభ్రం చేసి కన్నం తెరిచి ఉంచితే ఇంకో నాలుగేళ్ళు నడుస్తుంది, మార్చుకోవడం మార్చకపోవడం మీ ఇష్టం అన్నాడు. ఏదో ఒకటి చేసేదాకా వాడొద్దని బాయిలర్‌కి ఎర్ర ట్యాగ్ కట్టి వెళ్ళాడు. నేను తువ్వాలు సంచిలో మూటగట్టి, వీధి చివర పెద్ద చెత్త డబ్బాలో పడేసి వచ్చాను.

స్కూల్లోంచి పిల్లని నేరుగా హాస్పిటల్‌కి తీసుకెళ్ళాను. అన్ని పరీక్షలూ చేసి బాగానే ఉంది, ఇంకొన్నాళ్ళు ఇలాగే సాగితే మాత్రం చెప్పలేకపోయేవాళ్ళం అన్నారు. టైటస్ అక్కడికే పరిగెత్తుకొచ్చాడు. ఏమైందని అడిగితే, బాయిలర్ పొగ ఇంట్లోకి వదులుతోందట అన్నాను. నిజమే కదా. అంతకంటే ఒక్క ముక్క ఎక్కువ చెప్పలేదు.

ఆయన ఇంటికొచ్చి ఎర్ర ట్యాగ్ చూసి కుర్చీలో కూలబడ్డాడు. సాయంత్రానికల్లా కొత్త బాయిలర్‌కి ఆర్డరిచ్చాడు. రెండేళ్ళ గొడవ రెండు నిమిషాల్లో తీరిపోయింది. జెస్సికా చేతులు పట్టుకుని, నాన్న మొండితనం నీ ప్రాణం మీదికి తెచ్చిందమ్మా అని భోరున ఏడ్చాడు. పెళ్ళయ్యాక ఆయన ఏడవడం నేను చూడటం అదే మొదటిసారి. ఇప్పుడు చెప్పేస్తాను అనుకున్నాను. రేపు చెప్తాను అనుకున్నాను. కొత్త బాయిలర్ వచ్చింది, చప్పుడు లేకుండా ఇల్లంతా వెచ్చబడింది, పిల్ల తలనొప్పి పోయింది, రెండు పుస్తకాలు ఒకేసారి తిరగేస్తోంది. ఆయన మాత్రం అన్నం సగం కెలికి వదిలేసేవాడు. నేను తేలు కుట్టిన దొంగలా తిరిగాను. ఏ రోజు చెప్పబోయినా, నిన్ననే ఎందుకు చెప్పలేదంటాడేమోనని ఆ రోజూ ఊరుకున్నాను.

రెండు వారాల తర్వాత శనివారం సాయంత్రం మా ఇంట్లో ప్రార్థన కూటం. మా కూటాల్లో, దేవుడు తమకు చేసిన మేలు ఎవరికి వారు లేచి నలుగురిలో చెప్పుకుంటారు, దాన్ని సాక్ష్యం అంటాం. ఎప్పుడూ వెనక వరసలో కూర్చుని పాటకి పెదాలు కదిపే టైటస్ ఆ రోజు లేచి నిలబడ్డాడు. కూటం నడిపించే ఎస్తేరమ్మ ఆంటీ కూడా ఆశ్చర్యపోయింది.

"నా మొండితనం వల్ల నా బిడ్డ చనిపోయేది" అన్నాడు. "మా ఆవిడ రెండేళ్ళు చెప్పింది, నేను వినలేదు. నాలాంటి తండ్రిని దేవుడు క్షమించాలని ప్రార్థన చేయండి."

ఆడవాళ్ళు కళ్ళు తుడుచుకున్నారు. నేను వంటింట్లోకి వచ్చేసి బిర్యానీ గిన్నె మూత తీసి, మళ్ళీ పెట్టి, మళ్ళీ తీశాను. జెస్సికా నా వెనకే వచ్చింది. నువ్వేమీ చెప్పవా అని ఇంగ్లీషులో మెల్లగా అడిగింది. ఏం చెప్పాలే అని కసిరాను.

"ఐ హెల్డ్ ద చెయిర్ ఫర్ యూ, మమ్మీ" అంది.

నాలుగేళ్ళ కింద నేను కుర్చీ ఎక్కి తువ్వాలు కుక్కుతుంటే, కుర్చీ కదలకుండా పట్టుకున్నది అదే. అప్పుడు దానికి పదమూడేళ్ళు. నేను మర్చిపోయాను, అది మర్చిపోలేదు. ట్యాగ్ కట్టిన రోజే ఖాళీ కన్నం చూసి దానికి అంతా తెలిసిపోయిందట. మరి నాన్నకి ఎందుకు చెప్పలేదే అని అడిగాను. నువ్వు చెప్తావనుకున్నా అంది. దాని మొహంలో కోపం లేదు. ఉంటే బాగుండేది.

గరిటె అక్కడ పెట్టి హాల్లోకి వెళ్ళాను. ఎస్తేరమ్మ ఆంటీ ప్రార్థన మొదలుపెట్టబోతోంది. ఆగమన్నాను. తప్పు బాయిలర్‌ది కాదు, ఆయనది కాదు, గాలి కన్నం మూసింది నేను, ఆ సంగతి నాకు ఆ రోజే తెలుసు, పైగా నా వల్ల మగతలో పడి ఉన్న పిల్లని సోమరి అని మూడు నెలలు తిట్టాను అని చెప్పాను. వంటింటి గుమ్మంలో నించుని ఉన్న జెస్సికా వైపు తిరిగి, తప్పయిపోయిందమ్మా అన్నాను. ఆంటీ నోట స్తోత్రం సగంలో ఆగిపోయింది. జెస్సికా వచ్చి నా పక్కన నిలబడింది. టైటస్ నా వైపు చూడలేదు.

అందరికీ ఆయనే వడ్డించాడు, నవ్వుతూ మాట్లాడాడు, కార్ల దాకా వెళ్ళి సాగనంపాడు. పిల్ల పైకి వెళ్ళాక మేమిద్దరం భోజనానికి కూర్చున్నాం. రెండు వారాల్లో మొదటిసారి ఆయన అన్నం మొత్తం తిన్నాడు. తిన్నాక అన్నాడు.

"గుడ్డ సంగతి వదిలెయ్, తెలియక చేశావు. నేను మెతుకు మింగలేక కూర్చుంటే, ఈ రెండు వారాలూ నాకు ఎదురుగా కూర్చుని తినగలిగావు కదా, పుష్పా."

ఇన్నేళ్ళ కాపురంలో ఆయన ఒకటంటే నేను పది అన్నాను. ఆ రోజు చేతిలో ముద్ద తిరిగి కంచంలో పెట్టేశాను. ఆయన లేచి, తన కంచం తనే కడుక్కుని, పైకి వెళ్ళిపోయాడు.