సమాన దూరంలో ఇద్దరుంటే

ఆ ఆటలో రాక్షసులకు కోపతాపాలు ఉండవు. పిచ్చుక నాకు మొట్టమొదట నేర్పిన సంగతి అదే. మనుషులందరూ తమ తమ వంతు ఆడేశాక రాక్షసుల వంతు వస్తుంది. రాక్షసుడి బొమ్మ ఉన్న అట్టబిళ్ళ అంచు ఏ రంగులో ఉందో చూడాలి. నల్ల అంచుది ఒక వీధి నడుస్తుంది. ఎర్ర అంచుది రెండు వీధులు పరుగెడుతుంది. పసుపు అంచుది పుట్టినచోటే కూర్చుంటుంది.

"సెలవురోజు మా నాన్నలాగ" అంది.

"నడిచేవి ఎటు నడుస్తాయి?" అని అడిగాను.

"ఎవరు దగ్గరుంటే వాళ్ళవైపు. వాటికి మంచివాళ్ళు, చెడ్డవాళ్ళు అని ఉండదు. దగ్గరా దూరమా, అంతే."

అప్పటికి నేను పిచ్చుక నాన్నని పెళ్ళి చేసుకుని ఆ ఇంటికి వచ్చి నెల కూడా కాలేదు. పిల్ల తల్లి పోయి మూడేళ్ళు దాటింది. చిన్నప్పుడు తండ్రి ముద్దుగా పెట్టిన పేరు పిచ్చుక. ఇప్పుడు నాకంటే జానెడు పొడుగు. వాళ్ళ మేనత్త "పిలుపుకి పిచ్చుక, చూపుకి కొంగ" అంటుంది. నన్ను పిన్నీ అని పిలవమని తండ్రి చెప్పాడు, పిలిచేది. మీరు అనేది. ఎదురు చెప్పేది కాదు. ఇంటికొచ్చిన చుట్టంతో ఎంత మర్యాదగా ఉంటారో నాతో అంత మర్యాదగా ఉండేది. ఆ మర్యాదే నాకు మింగుడుపడేది కాదు.

ఆట ఒక్కటే ఆ మర్యాదని కాస్త సడలించేది. బల్ల మీద బొమ్మ ఊరు పరిస్తే వీధులు, రేవు, ఆసుపత్రి, శ్మశానం అన్నీ ఉంటాయి. నక్షత్రాల అవతల ఏదో నిద్రపోతూ ఉంటుంది. దానికి ఒక పేరుంది కాని మా ఇంట్లో ఎవరికీ నోరు తిరగదు. "పెద్దాయన" అనేవాళ్ళం. ఊళ్ళో అక్కడక్కడా తలుపులు తెరుచుకుంటాయి, వాటిలోంచి రాక్షసులు వస్తారు. పెద్దాయన లేచేలోపు తలుపులన్నీ మూసెయ్యాలి. అందరం ఒక జట్టే. గెలిస్తే అందరం గెలుస్తాం, పోతే అందరం పోతాం.

నేను దంతవైద్యులకి కట్టుడు పళ్ళు చేసే ల్యాబులో పనిచేస్తాను. పొద్దస్తమానం మైనం, ప్లాస్టరు అచ్చులు, వరసకట్టిన పళ్ళు. అందుకని మొదటిరోజే ఒక రాక్షసుడి బొమ్మ చూసి, "వీడి పై వరసా కింది వరసా కలవడం లేదు. ఈ పళ్ళతో మెత్తటి రొట్టె కూడా నమల్లేడు" అన్నాను.

పిచ్చుక చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వింది. "అయితే నమలకుండా మింగుతాడేమో పిన్నీ."

ఆ నవ్వు కోసమే నేను ప్రతి ఆదివారం ఆడటానికి కూర్చున్నాను.

చిక్కంతా ఒక్క నియమంతో వచ్చింది. ఇద్దరు మనుషులు రాక్షసుడికి సమాన దూరంలో ఉంటే అది ఎటు పోవాలి? లాంతరు ఎవరి దగ్గరుంటే వాళ్ళ ఇష్టం. చిటికెన వేలంత ప్లాస్టిక్ లాంతరు అది. వంతు అయిన ప్రతిసారీ ఎడమచేతి వైపు వాళ్ళకి అందించాలి. లాంతరు నా చేతిలో ఉన్నప్పుడు నేను రాక్షసుణ్ణి నా మీదకే తెచ్చుకునేదాన్ని. వాళ్ళ నాన్నా అంతే. పిల్ల మీదకి పంపడానికి మా ఇద్దరికీ చెయ్యి ఆడేది కాదు. పిచ్చుక చేతిలో లాంతరు ఉంటే మాత్రం క్షణం తటపటాయింపు ఉండేది కాదు.

"పిన్ని మీదకి."

ఎప్పుడూ అంతే. నాకూ వాళ్ళ నాన్నకీ మధ్య అయినా, నాకూ తనకీ మధ్య అయినా, పిన్ని మీదకి. రాక్షసుడి చేతిలో దెబ్బతిన్నవాళ్ళు చేరే ఆసుపత్రిలో నాకొక మంచం రాసిపెట్టేశారు. ఆటేగా అనుకునేదాన్ని. మర్నాడు ల్యాబులో మైనం వేడిచేస్తుంటే ఆ మాటే చెవిలో తిరిగేది. అడగొచ్చు. కాని సవతితల్లి ఏది అడిగినా దాని వెనక ఇంకేదో అడుగుతోందనుకుంటారు. ఊరుకున్నాను.

ఇంతలో వదిన సంగతి వచ్చింది. వదిన అంటే ఆయన అక్కయ్య, పిచ్చుక మేనత్త. తల్లి పోయిన కొత్తలో పిల్లని ఏడాదిపాటు తన దగ్గర పెట్టుకుని కంటికి రెప్పలా చూసిన మనిషి. కింద మందుల షాపు, పైన ఇల్లు. ఒక్కర్తే ఉంటుంది. మంచి బడి నడిచేంత దూరంలో ఉంది. సెలవులయ్యాక పిల్లని తన దగ్గర చేర్చమని అడుగుతోంది. మా ఇల్లు చూస్తే ఒక పడగ్గది, ఒక ముందుగది, ముందుగదిలోనే ఒక పక్కన వంట. అడ్డంగా ఒక ఇనుప అర పెట్టి దాని మీద గిన్నెలు సర్దాం. ఆ అర అవతల పిచ్చుక మంచం.

పిల్ల నిద్రపోయిందనుకుని ఆయన పళ్ళేలు కడుగుతూ గొంతు తగ్గించాడు. "అక్క మళ్ళీ అడిగింది. ఆదివారం వస్తుందట, ఏదో ఒకటి తేల్చమంది."

"పిల్లనే అడగండి."

"ఇప్పుడిప్పుడే కుదుటపడింది. దాని నెత్తిన ఎందుకు పెట్టడం? మనం అనుకుని చెబుదాం. నువ్వేమంటావు?"

"నేనేమన్నా తప్పే. పొమ్మంటే తరిమేసిందంటారు, ఉండమంటే చాకిరీకి ఉంచుకుందంటారు."

"నేనంటానా అలా?"

"మీరనరు. లోకం అంటుంది. మీ అక్కయ్యగారు కూడా లోకంలోనే ఉన్నారుగా."

ఆయన నవ్వి పళ్ళెం బోర్లించాడు. నాకు మాత్రం పిల్ల ఉండాలనే ఉంది. ఆ మాట అననూలేదు, మింగనూలేదు.

ఆదివారం మధ్యాహ్నం వాన పట్టుకుంది. వదిన తడిసిన గొడుగుతో, సంచీనిండా పళ్ళతో వచ్చింది. బయటికెళ్ళే దారి లేదు, అసలు మాట ఎత్తే ధైర్యం ఎవరికీ లేదు. పిచ్చుకే ఆటపెట్టె తీసి బల్ల మీద పరిచింది.

"నాకు ఈ అమ్మాయినివ్వు" అంటూ వదిన పాటగత్తె బొమ్మ తీసుకుంది. "చక్కగా ఉంది."

"ఆమెకి ప్రాణం తక్కువ అత్తయ్యా. ఒక్క దెబ్బకే పోతుంది. పోతే ఇక ఆటలోకి రానివ్వరు."

"అందగత్తెలకి ఆయుష్షు తక్కువేనే. నన్ను చూడు, అందుకే ఇంతకాలం బతికాను."

నాకు ఎప్పటిలాగే కాటికాపరి. మోటుమనిషి, చేతిలో పార. ఎవరికీ అక్కర్లేకపోతే మొదట్లో నేను తీసుకున్నాను, అప్పట్నుంచి నాదైపోయాడు. ఆయన తాళాలవాడు, తలుపులు మూసే తాళాలన్నీ అతని దగ్గరే ఉంటాయి. పిచ్చుక పుస్తకాల కొట్టు పిల్ల.

ఆట బాగానే సాగింది. వదిన ప్రతి బిళ్ళనీ కళ్ళద్దాల దగ్గరికి తెచ్చుకుని చూస్తూ, "ఛీ, ఎవడు గీశాడమ్మా ఇవన్నీ, వాడికి ఇల్లూ వాకిలీ లేవా" అంటోంది. ఆయన రెండు తలుపులు మూసేశాడు. అప్పుడు రేవు దగ్గర ఒక తలుపు తెరుచుకుని నల్ల అంచుది బయటికొచ్చింది. అటు పక్క వీధిలో వదిన పాటగత్తె, ఇటు పక్క వీధిలో నా కాటికాపరి. లాంతరు పిచ్చుక చేతిలో ఉంది.

"పిన్ని మీదకి" అంది.

వదిన "అయ్యో పాపం" అంది కాని, ముఖంలో వెలుగు దాచుకోలేకపోయింది. తమ్ముడి వైపు తిరిగి, "ఎంతైనా రక్తం రక్తమేరా" అని మెల్లిగా నవ్వింది. ఆయన తాళంబిళ్ళని అటూ ఇటూ తిప్పుతూ కూర్చున్నాడు.

నేను పాచికలు వేశాను. ఓడిపోయాను. కాటికాపరిని తీసి ఆసుపత్రిలో పెట్టాను. ఇక ఉండబట్టలేక, నవ్వులాటకి అన్నట్టే అడిగాను. "ఏమ్మా, ఎప్పుడూ నా మీదకేనా?"

పిచ్చుక ఆశ్చర్యంగా చూసింది. "మరి ఇంకెవరి మీదకి పంపాలి? అత్తయ్య మీదకి పంపితే చచ్చిపోతుంది. నాన్న మీదకి పంపితే తాళాలన్నీ పారేసుకుంటాడు."

"నేనెప్పుడు పారేసుకున్నాను?" అన్నాడాయన.

"పోయినవారం. అంతకుముందు వారం." మళ్ళీ నా వైపు తిరిగింది. "మీరైతే ఆసుపత్రికెళ్ళినా మళ్ళీ వస్తారు. ప్రతిసారీ వచ్చారు కదా. వస్తారని తెలుసు కాబట్టే పంపుతాను."

అంత తేలిగ్గా చెప్పేసింది. ఇన్నాళ్ళూ నేను ఎంతో దూరం ఆలోచించుకున్న సంగతి, ఆ పిల్లకి రెండు వాక్యాల లెక్క. మోయగలవాళ్ళ నెత్తినే మూట పెడతారు, అందులో ఒక నమ్మకమూ ఉంది, కాస్త అన్యాయమూ ఉంది. రెండిట్లో ఏది ఎక్కువో నాకు ఆ క్షణాన తెలియలేదు. వదిన నవ్వు మానేసి వానవైపు చూసింది.

లాంతరు నా చేతికొచ్చింది. ఆ వంతు చివర బజారు వీధిలోంచి ఎర్ర అంచుది లేచింది. నేను ఆసుపత్రిలో ఉన్నాను, అక్కడికి రాక్షసులు రారు. ఆయన ఊరవతల ఉన్నాడు. దానికి సరిగ్గా రెండు వీధుల దూరంలో ఒకవైపు వదిన, ఇంకోవైపు పిచ్చుక.

"నా మీదకి పంపు అమ్మాయ్" అంది వదిన వెంటనే. "పిల్ల మీదకి వద్దు."

"నువ్వు ఆటలోంచే పోతావు అత్తయ్యా."

"పోతే పోతాను. పక్కన కూర్చుని పళ్ళు కోసిపెడతాను. నేనుండి ఉద్ధరించేదేముంది?"

"అక్క మీదకే పంపు" అన్నాడాయన కూడా.

పిచ్చుక గొంతు పెంచలేదు. బల్ల వైపే చూస్తూ, "నా మీదకి ఎవరూ ఒక్కసారి కూడా పంపరు" అంది.

తన బొమ్మని గడి మధ్యకి సర్దింది.

"ఒక్క ఆటలోనే కాదు. నేను అత్తయ్య దగ్గరికి వెళ్ళాలా, ఇక్కడుండాలా అని మీరంతా నన్ను తప్పించి అందరితోనూ మాట్లాడుకున్నారు. నాన్నా, నా మంచానికీ నువ్వు పళ్ళేలు కడిగే చోటికీ మధ్యలో ఉన్నది గిన్నెల అర. గోడ కాదు."

ఆయన చేతిలో తాళంబిళ్ళ ఆగిపోయింది. వదిన కళ్ళద్దాలు తీసింది. "నిన్ను బాధపెట్టకూడదనేనే తల్లీ..."

"తెలుసు అత్తయ్యా."

నాకు భయం వేసింది. అడిగితే అటే వెళ్తానంటుందేమో. ఇన్నాళ్ళూ పిల్లనడగండి అని ఆయనకి చెప్పానే గాని, నేనడగలేదు. చుట్టంలా మర్యాదగా మసులుకున్నది తనొక్కతే కాదు. లాంతరుని బల్ల మీద పెట్టి, ఎర్ర అంచుదాన్ని వేలితో తోశాను. ఒక వీధి. ఇంకో వీధి. పుస్తకాల కొట్టు పిల్ల మీద ఆపాను.

"నీ మీదకే" అన్నాను. "అత్తయ్యగారింట్లో నీకు సొంత గది ఉంటుంది. బడి దగ్గర. ఆవిడ ఒక్కరే ఉన్నారు, నువ్వు కావాలి. ఇక్కడైతే ఈ అర ఉంది, మీ నాన్న గురక ఉంది. నాకూ నువ్వు కావాలి. ఇక చెప్పాల్సింది నువ్వే."

"మధ్యలో గురక ఎందుకు?" అన్నాడాయన గొణుగుతూ.

పిచ్చుక చెయ్యి చాపింది. "ముందు పాచికలు వెయ్యనివ్వండి" అంది. రెండు చేతుల మధ్య పాచికల్ని గలగలమని చాలాసేపు ఆడించింది. బుగ్గలు ఎర్రబడ్డాయి. అంత ఉత్సాహంగా తనని ఆ బల్ల దగ్గర ఎప్పుడూ చూడలేదు నేను. వేసింది. ఒక్కటి కూడా పనికొచ్చేది పడలేదు.

"ఓడిపోయాను!" అంది, ఏదో గెలిచినట్టు.

తన బొమ్మని చేతిలోకి తీసుకుని కాసేపు వేళ్ళతో తిప్పింది. "నేనిక్కడే ఉంటాను. కాని నాకు తలుపు కావాలి. ఎంత చిన్నదైనా సరే, నేను మూసుకునే తలుపు." తండ్రి వైపు చూసింది. "ఊళ్ళో లిఫ్టులన్నిటికీ బిగిస్తావుగా."

ఆయన లిఫ్టు మెకానిక్కు. అప్పటికే కళ్ళతో ఆ ఇనుప అర పొడవూ వెడల్పూ కొలుస్తున్నాడు. "లిఫ్టు తలుపు పెడితే, కరెంటు పోయినప్పుడు లోపలే ఉండిపోతావు."

"ఇంకా మంచిది."

వదిన కళ్ళద్దాలు తుడుస్తోంది. అంత సేపు తుడవాల్సినంత మురికి వాటికి లేదు. నాకు ఆవిడ వైపు చూడటానికి మొహం చెల్లలేదు. పిచ్చుకే కుర్చీ దగ్గరికి జరిపింది.

"శనివారాలు నీ దగ్గరికొస్తాను అత్తయ్యా. షాపులో చీటీలు నేను రాస్తాను. నువ్వు రాస్తే ఎవరికీ అర్థం కావట."

"ఎవరన్నారు?"

"నాన్న."

"డాక్టర్ల రాత చదివి చదివి నా రాతా అలాగే తగలడింది" అంది వదిన. కళ్ళద్దాలు పెట్టుకుని బల్ల మీదకి వంగింది. "ఇంతకీ నేను బతికున్నట్టా, పోయినట్టా?"

"బతికే ఉన్నావు."

"అయితే ఆ లాంతరు ఇటివ్వండి. ఇప్పుడు నా వంతేగా. నా తమ్ముడి మీదకి ఒకటి పంపాలి. చిన్నప్పటి లెక్కలున్నాయి."

"అక్కా!" అన్నాడాయన.

నేను లాంతరు అందించాను. పిచ్చుక తన బొమ్మని బల్ల మీదుగా తెచ్చి ఆసుపత్రి గడిలో పెట్టబోయింది. గడి ఇరుకు. నా కాటికాపరి పారతో సహా దాన్నంతా ఆక్రమించుకుని ఉన్నాడు.

"కొంచెం జరగండి పిన్నీ" అంది.

జరిగాను.